ఒక్క రింగు

ఫోను ఒక్కసారి మోగి ఆగింది. బల్లమీద అది వణికినప్పుడు పక్కనున్న స్టీలు గ్లాసు సన్నగా గణగణమంది. తెరమీద కోటయ్య బాబాయ్ పేరు. ఆయన పోయి ఏడాది దాటింది కాబట్టి భయపడటానికి మంచి సందర్భమే. కానీ ఆ ఫోను ఇప్పుడు ఆయన భార్య రమణమ్మ పిన్ని దగ్గరుంది. పిన్ని ఉండేది సరిగ్గా నా కాళ్ల కింద, కింది వాటాలో. ఒక్క రింగుకే కట్ చేసిందంటే మధ్యాహ్నం మాత్ర వేసుకుందని అర్థం. తెలిసిందని నేనూ ఒక్క రింగు ఇచ్చి కట్ చేయాలి. ఇద్దరం ఒక్క మాటా మాట్లాడం. కాలింగ్ యాప్‌లు రాసి బతికేవాడికి ఇంతకంటే అవమానం ఉండదు.

గురజాలలో ఈ ఇంటివాళ్లకూ మాకూ చుట్టరికం లేదు, మెట్లు మాత్రం ఒకటే. కోటయ్య బాబాయ్ ఊరి బయట రాతి క్వారీలో మందు పేల్చే మేస్త్రీ. క్రషర్ల మోతలో సైరన్ వినపడదని, పేల్చే ముందు తొమ్మిదిమంది డ్రైవర్లకూ తలా ఒక రింగు ఇచ్చేవాడు. జేబులో ఫోను వణకగానే వాళ్లు బండి తీసుకుని దూరంగా పోయి, అక్కడినుంచి తిరిగి ఒక రింగు ఇవ్వాలి. తొమ్మిదీ వచ్చాకే మీట నొక్కేవాడు. కాల్స్‌కు డబ్బులు పోయే రోజుల్లో మొదలైన అలవాటది.

"ఇప్పుడు ఫ్రీయే గదా బాబాయ్, ఎత్తి మాట్లాడొచ్చుగా?" అన్నానొకసారి.

"ఎత్తితే 'ఆఁ, పోతన్నా' అని ఆడే కూచుంటార్రా. దూరం పోయినోడే రింగియ్యాలని రూలు పెట్టా. ఆ రింగు వచ్చిందాకా వాడు నా లెక్కలో గుంటలోనే ఉన్నట్టు."

ఆ రోజుల్లో నేను మేడమీద గదిలో కూర్చుని ఆండ్రాయిడ్ ఫోన్లకు సొంతంగా ఒక కాలింగ్ యాప్ రాస్తున్నాను. ఫోనుకొచ్చే ప్రతి కాలూ దాని గుండానే మోగాలి. ప్రపంచం మారిపోతుందని అమ్మకు చెప్పాను. ముందు ఆ ఫ్యాను తుడవమంది. యాప్ వాడేవాళ్లు పదకొండు మంది. అందులో నలుగురు మా ఇంట్లోవాళ్లే. బెల్లంకొండ నుంచి వచ్చి క్వారీలో టిప్పర్ నడిపే శ్రీను ఫోన్లో బాబాయే దగ్గరుండి వేయించాడు. "మావోడు రాసిందిరా. బాగోకపోయినా బాగుందని చెప్పు" అని సిఫార్సు కూడా చేశాడు.

అందులో నేనొక తెలివైన ఏర్పాటు పెట్టాను. ఏ నంబరైనా పదేపదే ఒక్క రింగుకే కట్ చేస్తుంటే అది ఆకతాయి నంబరు. ఇక దాన్ని మోగనివ్వకూడదు. ఈ ప్రాంతంలో పుట్టి పెరిగి కూడా అలాంటి రూలు రాయాలంటే ప్రత్యేకమైన చదువుండాలి. నాకుంది, బీటెక్.

వారం తిరిగేసరికి శ్రీను ఫోను బాబాయ్‌ను ఆకతాయిగా తేల్చేసింది. ఆ రోజు ఎనిమిది రింగులే తిరిగొచ్చాయి. మందు దట్టించి ఉంది. "వాడెప్పుడో పోయుంటాళ్లే, కానీయ్" అన్నాడట క్వారీ సూపర్‌వైజరు. బాబాయ్ మీట నుంచి వైర్లు ఊడదీసి, ఆ మీట పెట్టెను చంకలో పెట్టుకుని, ఎండలో గుంటలోకి దిగాడు. రాతిగోడ నీడలో టిప్పరుంది. కేబిన్లో శ్రీను, గుండెలమీద ఫోను పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆకతాయిల బెడద లేకుండా, హాయిగా.

సాయంత్రం బాబాయ్ మెట్లెక్కి వచ్చాడు, ఒంటినిండా రాతిపొడి. కొడతాడనుకుని ముందు ల్యాప్‌టాప్‌ను పక్కకు జరిపాను. ఆయన శ్రీను ఫోను నా ముందు పెట్టాడు.

"నేను చేశానో లేదో చూపియ్."

చూపించాను. యాప్ మోగకుండా ఆపేసిన కాల్స్ జాబితాలో ఆయన నంబరే వరసగా ఉంది.

"ఎవురు చేశారిది?"

"యాప్ బాబాయ్... దానంతటదే..."

"అయితే దాన్ని పిలువు, మాట్లాడతా."

ఇంకో రోజైతే నవ్వేవాణ్ణి. "నేనే" అన్నాను.

"నేను పిలిచానని వాడికి చెప్పవు. వాడికి చెప్పలేదని నాకూ చెప్పవు. మరేందిరా నీ పని?" ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మంచినీళ్లియ్యి."

ఒక గ్లాసు గడగడా తాగేసి, ఇంకోదానికి చెయ్యి చాపాడు. అప్పుడర్థమైంది నాకు, నేనెంత పని చేశానో.

ఆ రూలు తీసేసేదాకా ఆయన కదలలేదు. తీశాక తన ఫోనుతో శ్రీను ఫోనుకు రింగు ఇచ్చాడు. మోగింది. "ఇంకోసారి" అన్నాడు. ఆ ఫోనిచ్చి నన్ను మేడ చివరకు పంపి మోగించాడు, కింది వాటాలోకి పంపి మోగించాడు. మర్నాడు శ్రీను యాప్ తీసిపారేశాడు. వాడేవాళ్లు పదిమందయ్యారు. బాబాయ్ మాత్రం చివరిదాకా తన ఫోన్లో ఉంచుకున్నాడు. నమ్మకమా అనడిగితే, "కాదు, కాపలా" అనేవాడు.

ఇప్పుడు వేరేవాళ్ల కంపెనీకి, ఇదే గదిలోంచి, అవే యాప్‌లు రాస్తున్నాను. ప్రతి మార్పు తర్వాతా మొదటి పరీక్ష ఒక్క రింగే. నెగ్గుతుంది. నాకు మాత్రం స్థిమితం ఉండదు.

పిన్నికి తిరిగి రింగు ఇచ్చాను. ఆమె ఫోన్లో ఉన్నది నా యాపే. మోగిందో లేదో. చెప్పులేసుకుని మెట్లు దిగాను.

పిన్ని ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. "వచ్చిందిలేరా నీ రింగు. మళ్లా ఎందుకు దిగావు?"

"మంచినీళ్లకి" అన్నాను.