వదిన పాసైతే మూతపడే శాఖ

మా వదిన నీటి సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల ఫోను దగ్గర కూర్చుంటుంది. కుళాయి రావట్లేదని ఒకరు, వస్తోంది గానీ మట్టి రంగులో వస్తోందని ఇంకొకరు, పైపు పగిలి వీధి చెరువైందని మరొకరు. ఊళ్లోవాళ్ల తిట్లన్నీ ముందు వదిన చెవిన పడి, ఆ తర్వాతే పైవాళ్ల దాకా వెళతాయి. చాలావరకు వెళ్లవు కూడా.

ఆ కుర్చీలోంచి సూపర్‌వైజరు కుర్చీలోకి జరగాలంటే ఎం.ఏ. ఉండాలన్నారు. ఏ సబ్జెక్టయినా ఫరవాలేదన్నారు. ఆఫీసు వెనక వీధిలోనే యూనివర్సిటీ ఉంది. సాయంత్రం క్లాసులు దేనికున్నాయని వాకబు చేస్తే, అమెరికన్ స్టడీస్‌కి మాత్రమే ఉన్నాయని తేలింది. అలా చేరింది. అంతకుముందు అమెరికా మీద ఆవిడకి ప్రేమా లేదు, పగా లేదు.

చేరిన సంగతి పొక్కగానే పక్కవాటా పిన్నిగారు వచ్చి కూర్చున్నారు.

"అక్కడ చలికి ఎలాంటి స్వెటర్లు కొనుక్కోవాలమ్మా?"

"నేను వెళ్లట్లేదండీ. దాని గురించి చదువుతున్నానంతే."

"వెళ్లనప్పుడు చదవడం దేనికి?"

వదిన కాఫీ పెట్టడానికి లేచింది. మా అమ్మ దగ్గర మాత్రం దేనికైనా జవాబుంటుంది. అమ్మ హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైంది. క్లాసు లేకపోయేసరికి ఆ గొంతంతా ఇంట్లోవాళ్ల మీదే వాడుతుంటుంది. "మన ఊరి బస్సు రూట్లే సరిగ్గా తెలియవు, ఈవిడకి అమెరికా కావాల్సొచ్చింది" అని కోడలికి వినిపించేలా నాతో అంది. నేను పక్క వీధిలోనే ఉంటాను గనక ఇలాంటివన్నీ నాతోనే అంటుంటారు.

చిత్రమేమిటంటే, ప్రమోషన్ కోసం మొదలుపెట్టిన చదువు వదినకి నిజంగానే పట్టుకుంది. ఎడారిలో కట్టుకున్న పట్నాలు ఎక్కడెక్కడి నదుల నీళ్లనో తమవైపు ఎలా తిప్పుకున్నాయన్నది థీసిస్‌కి ఎంచుకుంది. భోజనాల దగ్గర ఆనకట్టల గురించి చెప్పేది. అన్నయ్య "ఊఁ" కొట్టేవాడు. అమ్మ టీవీ సౌండు పెంచేది.

క్లాసులో మొదట్లో నలుగురైదుగురు ఉండేవారట. ఒకడికి ఉద్యోగమొచ్చింది, ఒకమ్మాయి కంప్యూటర్ కోర్సుకి మారిపోయింది, మిగతావాళ్లు ఎందుకు మానేశారో వాళ్లకే తెలియాలి. చివరికి వదిన ఒక్కతే మిగిలింది. అప్పట్నుంచి ఆవిడకి మర్యాదలు మొదలయ్యాయి. ఆవిడ కుర్చీ పైన కొత్త ఫ్యాను బిగించారు. అటెండరు అడక్కుండానే టీ తెచ్చేవాడు, పక్కన బిస్కెట్లు కూడా. "చదువుకున్న ఆడవాళ్లంటే అక్కడ ఎంత గౌరవమో" అని నాతో మురిసిపోతూ చెప్పింది.

థీసిస్ ఇచ్చింది. ప్రొఫెసరు గారు తిప్పి పంపారు.

"ఇంకాస్త లోతుగా వెళ్లాలమ్మా."

వెళ్లింది. మళ్లీ ఇచ్చింది.

"మరీ లోతుకి వెళ్లిపోయారు. కాస్త పైకి రండి."

పైకొచ్చింది. ఈసారి మార్జిన్లు బాగాలేవన్నారు. ఆ రోజు వదిన కళ్లు తుడుచుకుంటూ మెట్లు దిగుతుంటే అటెండరు చూసి ఆగలేకపోయాడు.

"అమ్మా, మీరు పాసైతే ఇక్కడ స్టూడెంటే ఉండరు. స్టూడెంటు లేకపోతే డిపార్ట్‌మెంటు మూసేస్తారు. నన్ను పశువుల డాక్టర్ల కాలేజీకి వేస్తారట. నాకు ఆవులంటే చచ్చేంత భయమమ్మా."

వదిన వెనక్కి తిరిగి మెట్లెక్కి నేరుగా ప్రొఫెసరు గారి ముందు నిలబడింది.

"సార్, నా థీసిస్ బాగాలేదా?"

ఆయన కళ్లజోడు తీసి టేబుల్ మీద పెట్టారు. "చాలా బాగుందమ్మా. అదే వచ్చిన చిక్కు."

కోపంతో వెళ్లిన మనిషి జాలితో తిరిగొచ్చింది. ఆయన కూడా ఎప్పుడూ అమెరికా చూడలేదట. జీవితమంతా దాని గురించే పాఠం చెప్పారట. ఇప్పుడు వినేవాళ్లు ఈవిడ ఒక్కరేనట. "ఆయన్నేమనను చెప్పు?" అని నన్నే అడిగింది.

అమ్మకి అలాంటి జాలి లేదు. "పిల్లని కావాలని ఫెయిల్ చేస్తాడా? నేనొచ్చి కడిగేస్తాను" అని మర్నాడు చీర మార్చుకుని బయల్దేరింది. కోడలిని వెనకేసుకు రావడం ఆవిడ చరిత్రలో అదే మొదలు. వదిన వద్దన్నా వినలేదు.

అమ్మ వెళ్లేసరికి ఆయన ఖాళీ బెంచీలకే పాఠం చెబుతున్నారట, అమెరికాలో రైలు మార్గాలు వేసిన కాలం గురించి. పాఠం అయ్యాక కడుగుదామని అమ్మ వెనక బెంచీలో కూర్చుంది. కాసేపటికే చెయ్యెత్తింది. ఆయన ఏదో కారణం చెబితే అది కాదంది. ఆయన పుస్తకం తెరిచారు. అమ్మ అవతలి పేజీ కూడా చదవమంది. వాచ్‌మన్ వచ్చి తాళం వేయాలనేదాకా వాదించుకున్నారట.

"ఏమైంది అత్తయ్యా, గట్టిగా అడిగారా?" అంది వదిన, ఇంటికొచ్చాక.

"అడగడానికి టైమేదీ? చేరాను" అంది అమ్మ.

ఆ వారంలోనే వదిన థీసిస్ పాసైంది. మార్జిన్లు కూడా చక్కగా ఉన్నాయన్నారట. ప్రమోషన్ ఇంటర్వ్యూలో "అమెరికాకీ మన కుళాయిలకీ ఏమిటమ్మా సంబంధం?" అని అడిగారు. అక్కడ ఎడారిలో నీళ్లు ఎవరి వాటాకి ఎంతొచ్చాయో ఆవిడ మొదట్నుంచి చెప్పడం మొదలుపెడితే, చాలు చాలు అని సంతకం పెట్టేశారు. కొత్త టేబుల్ వచ్చింది, పేరుతో బోర్డు వచ్చింది. ఫిర్యాదుల ఫోనూ ఆ టేబుల్ మీదికే వచ్చింది. అన్ని తిట్లు అంత ఓపిగ్గా వినేవాళ్లు ఆఫీసులో ఇంకెవరూ లేరట.

అమ్మ ఇప్పుడు రెండో ఏడు. ఒక్క క్లాసు మానదు. వదిన ఆఫీసు నుంచి అటే వెళ్లి వెనక బెంచీలో కూర్చుని, ఇద్దరూ కలిసి నడిచొస్తారు. సాయంత్రం వంట అన్నయ్య మీద పడింది. కూరలో ఉప్పుందో లేదో ఎవరూ చెప్పరు. అమెరికా అంతర్యుద్ధంలో తప్పంతా ఎవరిదని అత్తాకోడళ్లు పోట్లాడుకుంటూ తినేస్తారు. అందులో ఉత్తరంవాళ్లెవరో దక్షిణంవాళ్లెవరో అన్నయ్యకి ఇంతవరకూ తెలియదు. ఇద్దరి గ్లాసుల్లోనూ నీళ్లు మాత్రం సమానంగా పోస్తాడు.