మావయ్య కొండెక్కిన ఫొటో

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో తాడేపల్లిగూడెంలో నాకు ఫొటో స్టూడియో ఉండేది. అందులో వెనకాల వేలాడే కొండల తెర మా మావయ్య గీసిందే. ముదినేపల్లిలో ఉంటూ, బోర్డులు రాస్తూ, స్టూడియోలకి తెరలు గీస్తూ బతికిన మనిషి. కొండన్నది ఎక్కి ఎరగడు. ఆయన చూసిన ఎత్తల్లా గడ్డిమేట్లే. అందుకే ఆయన కొండలన్నీ మంచు కప్పిన గడ్డిమేట్లలా ఉండేవి.

ఆ మాట అనడానికి అత్తయ్య ఎన్నడూ మొహమాటపడలేదు. "ఎక్కని మనిషి గీస్తే అలాగే ఉంటాయండీ" అనేది, చుట్టాల ముందైనా సరే. పెళ్లయిన దగ్గర్నుంచీ విన్నాడు. చివరికి ఒకరోజు స్టూడియోకి వచ్చి కూర్చుని, "అబ్బాయ్, నేను కొండెక్కాలి, నువ్వు ఫొటో తియ్యాలి. మీ అత్తయ్య నోరు మూయించాలి" అన్నాడు. నిజం చెబితే మోకాళ్ల పేరు చెప్పి ఆపేస్తుందని, ఏలూరులో కొత్త తెర గీసే పనుందని చెప్పి బయల్దేరాడు.

బస్సులు మారి, బుట్టాయగూడెం దాటాక ఒక కొండ కింద దిగాం. కొల్లేటి గట్ల మీద ఎంత దూరమైనా నడిచే మనిషి, కాస్త ఎక్కేసరికి రాయి మీద చతికిలబడ్డాడు. "ఇదేంటిరా, నేల ఇలా మీదికొస్తుంది!" అని కొండని తిట్టాడు. కూర్చుంటూ లేస్తూ, మధ్యలో నన్నూ తిడుతూ మధ్యాహ్నానికి పైకి చేరాడు. ఎదురుగా వరస మీద వరస నీలం కొండలు. మావయ్య ఆ చివర్నుంచి ఈ చివరిదాకా వేలు చూపిస్తూ వరసలు లెక్కపెట్టాడు. "ఇంత నీలం నేనెప్పుడూ వాడలేదురా" అన్నాడు చివరికి. నాకు ఆయన మీద ప్రేమ పొంగుకొచ్చింది.

ఇక ఫొటో. స్టూడియోవాణ్ని కదా, ఊరుకుంటానా? తల దువ్వించాను. మెడ దగ్గర గుండీ పెట్టించాను. బండరాయి మీద ఒక చెయ్యి వేయించాను. "గడ్డం కాస్త దించండి మావయ్యా, రెప్ప వెయ్యకండి" అంటూ, స్టూడియోలో నిలబడేంత దూరంలోనే నిలబడి, పట్టపగలు ఫ్లాష్ కొట్టాను. రీలంతా అదే వరస.

ప్రింట్లు చూశాక గానీ నేను చేసిన పని తెలియలేదు. ముందు మావయ్య మెరిసిపోతున్నాడు. వెనక కొండలు చదునుగా, అచ్చం గుడ్డ మీద గీసినట్టున్నాయి. ఆయన అదేం పట్టించుకోలేదు. మంచిదొకటి ఏరుకుని, పందెం గెలిచినవాడిలా ఇంటికి పట్టుకెళ్లాడు. వెనకాలే నేనూ వెళ్లాను.

అత్తయ్య చేతులు తుడుచుకుని ఫొటో అందుకుంది. కళ్లజోడు పెట్టుకుని చూసింది.

"ఏలూరులో గీసిన తెర ఇదేనాండీ?"

మావయ్య ఏదో చెప్పబోయాడు.

"ఎంత బాగా గీశారండీ! నిజం కొండలు కూడా ఇంత బాగుండవేమో. ఇన్నాళ్లూ మిమ్మల్ని ఊరికే ఆడిపోసుకున్నాను" అంది. గొంతులో వేళాకోళం లేదు.

మావయ్య నావైపు చూశాడు. నేను గోడవైపు చూశాను. ఆయన మోకాలు నిమురుకున్నాడు.

"ఆ నీలం కలిపేసరికి తల ప్రాణం తోకకొచ్చిందే" అన్నాడు.