టిఫిన్ పెట్టిన బల్ల

వియ్యంకుడు అంబత్తూరు నుంచి ఫోన్ చేసి, పూండి దగ్గర ఏదో పల్లెటూరి విడిది ఇల్లు ఉందట, రెండు రోజులు ఉందాం రమ్మన్నారు. కూతురూ అల్లుడూ ఎనిమిది నెలల మనవరాలూ వస్తున్నారంటే కాదనలేకపోయాను. కారు గేటు ముందు ఆగాక గాని తెలియలేదు, అది మా ఇల్లే.

ఆ ఇల్లు అమ్మేనాటికి నా కూతురు పుట్టలేదు. సంబంధం మాట్లాడేటప్పుడు మాత్రం, పూండి ఇల్లూ పొలమూ కౌలుకిచ్చి ఉన్నామని చెప్పాను. అందుకే గేటు దగ్గర నోరు మెదపలేదు.

లోపలంతా మార్చేశారు. వడ్ల కొట్టులో మంచాలు వేశారు. గోడలకు పేడతో అలికినట్టు కనిపించే పెయింటు. మా తాత కూర్చుని పంచాయితీ చెప్పిన అరుగు మీద ఎవరిదో తడి చెడ్డీ ఆరుతోంది. పశువుల కొట్టమే భోజనశాల. మరునాటి పొద్దున అక్కడ ఇడ్లీలు పెట్టిన బల్లను చూసి నిలబడిపోయాను.

నాలుగు వేళ్ల మందం చెక్క, అంచు చుట్టూ సన్నటి కాలువ. మా ఇంట ఎవరు పోయినా దానిమీదనే పడుకోబెట్టి కడిగేవాళ్లం. దాన్ని ఇంకో ఇంటికి తీసుకుపోకూడదు, కాల్చకూడదు. అందుకని కొట్టంలో గోడకు ఆనించి వదిలి వచ్చాను. ఇప్పుడు వార్నిష్ కొట్టి, కాళ్లు బిగించారు.

విడిది చూసుకునే ఆమె గొప్పగా చెబుతోంది: “పాతకాలం బల్ల సార్. పెండ్లిండ్లకు దీనిమీదనే మైసూర్‌పాకు పోసినారంట. ఈ కాలువ నెయ్యి కారేదానికి.”

“చూస్తిరా బావగారూ, ఆ కాలం వాళ్ల తెలివి!” వియ్యంకుడు కాలువలో వేలు పెట్టి రాసి, అదే చేత్తో ఇడ్లీ తుంచారు. “మీరేంది తినరు? జమీందారు గొంతుకు ఇది దిగదా?”

“ఆకలి లేదు.”

సాంబారు చుక్క ఒకటి కాలువ వెంట జారింది. మా నాయన పాదాల మీదుగా జారిన నీళ్లు కళ్లముందు ఆడాయి. అయినా చెప్పలేదు. వాళ్లు తింటుంటే చూస్తూ కూర్చున్నాను. అంతకంటే రోత పని నేను ఇంకొకటి చేసి ఉండను.

అప్పుడు నా కూతురు ప్లేట్లు జరిపి, గుడ్డ మార్చడానికి పాపను ఆ బల్లమీద వెల్లకిలా పడుకోబెట్టింది.

“ఎత్తు! పాపను ఎత్తుకో!”

“ఏంది నాయనా, అట్ల అరుస్తావు?”

“అది పీనుగులను కడిగే బల్ల. మీ తాతను దానిమీదనే కడిగినాం.”

వియ్యపురాలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కుళాయి దగ్గరికి పరుగెత్తింది. వియ్యంకుడి చేతిలో ఇడ్లీ ముక్క అట్లాగే ఉంది.

“అంటే ఇది మీ ఇల్లా? కౌలుకిచ్చినాము అంటిరే?”

“అమ్మేసినాను. నా బిడ్డ పుట్టకముందే.”

ఆయన ముక్కను ప్లేటులో వదిలి, లేచి వెళ్లారు. నా కూతురు పాపను భుజాన వేసుకుని, “వేన్నీళ్లు యాడ కాచుకోవాల? బిడ్డకు తలకు పోయాల” అని విడిది చూసుకునే ఆమెను అడిగింది. నన్ను అడగలేదు.