విమానంలో వదిలేసిన వంకర చెంచా

ఆ రోజుల్లో మా ఉదయగిరిలో విమానం ఎక్కినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాళ్ళంతా అరబ్బు దేశాలకు పోయి టేపురికార్డర్లతో తిరిగొచ్చినవాళ్ళు. ఏ దేశమూ పోకుండా, దేశాలు తిరిగొచ్చే విమానంలో గట్టిగా గంటన్నర కూర్చుని వచ్చిన ఘనుణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. ఆ గంటన్నరలోనే ఒక దొంగతనం కూడా చేశాను. వయసు మళ్ళాక ఒప్పుకోవడానికి సిగ్గెందుకు?

మాది చెంచాల ఇల్లు. దుర్గం కొండ మీద దొరికే కొయ్యతో చెంచాలు, గరిటెలు చెక్కి అమ్మడం తాతల నాటి పని. మా అబ్బా (మా ఇంట్లో నాన్నను అలాగే పిలుస్తాం) పక్కన ఎప్పుడూ రెండు బుట్టలుండేవి. ఒకటి అమ్మకానిది, రెండోది ఇంటిది. చెక్కిన ప్రతి చెంచానూ కుడిచేత్తో పట్టుకుని, నిండా నీళ్ళు ముంచి, ఒలకకుండా నోటిదాకా తెచ్చి చూసేవాడు. ఒలకకపోతే అమ్మకం బుట్ట, ఒలికితే ఇంటి బుట్ట. పైగా మా ఇంట్లో ఒక చట్టం: ఎవడు చెడగొట్టిన చెంచాతో వాడే తినాలి. నేనేమో పుట్టు ఎడమచేతివాణ్ణి. బళ్ళో అయ్యవారు బెత్తంతోనూ ఇంట్లో అబ్బా కళ్ళతోనూ ఎంత భయపెట్టినా, ఎవరూ చూడనప్పుడు కత్తి దానంతటదే ఎడమచేతిలోకి పోయేది. పిడి ఒక పక్కకి వాలిపోయేది. ఇరవై రెండేళ్ళు వచ్చినా నా చెంచా ఒక్కటీ అమ్మకం బుట్ట మొహం చూడలేదు. వంకర పిడి చెంచాతో అన్నం తింటూ పెరిగాను.

ఒక వానాకాలం బొంబాయిలో చేతిపనుల ప్రదర్శన జరిగింది. అబ్బాకు నడుం పట్టేసి లేవలేకపోయాడు. మా సరుకు టోకుగా కొనే ఆత్మకూరు శెట్టిగారి వెంట నన్ను పంపాడు. బస్సు దాకా వచ్చి, "అరే, మన పేరు నిలబెట్టి రా. వచ్చినాక నీ చెంచాలు గూడా అమ్మకం బుట్టలో ఏస్తా" అన్నాడు. ఆ ఒక్క మాట పట్టుకుని నేను బొంబాయిలో పది రోజులు నేల మీద కాళ్ళు ఆనకుండా తిరిగాను. అబ్బా చెక్కిన సరుకు దాదాపు అంతా అమ్మాను. మెస్సులో మాత్రం నా వంకర చెంచాతోనే తిని, కడిగి చొక్కా జేబులో పెట్టుకునేవాణ్ణి. చట్టానికి బొంబాయైనా ఉదయగిరైనా ఒకటే కదా!

తీరా బయల్దేరే వేళకి వానలు దంచికొట్టి రైలు పట్టాలు కొట్టుకుపోయాయి. శుక్రవారం ఆత్మకూరులో శెట్టిగారి కొత్త కొట్టుకు ముహూర్తం. ఆయన ఒక పూటంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి, ఎక్కడో అరబ్బు దేశం నుంచి వచ్చి బొంబాయిలో ఆగి మద్రాసుకు పోయే విమానంలో రెండు సీట్లు సంపాదించుకొచ్చారు. "రే అబ్బాయ్, నువ్వు గూడా రావాల. నేను ఒంటిగా పోతే, అది పడిపోయినా ఊళ్ళో చెప్పేదానికి మనిషి ఉండడు" అన్నారు. (ఇద్దరం అందులోనే ఉంటే చెప్పేదెవరో ఆయనా ఆలోచించలేదు, నేనూ అడగలేదు. టికెట్టు ఆయనది మరి.)

విమానం ఎక్కగానే లోపల మెట్లు చూసి శెట్టిగారు, "ఓరి నీ! మిద్దె గూడా ఉండాదే!" అన్నారు. మాది మిద్దె కాదు, కింద, వెనకపక్క, ముడుచుకుని కూర్చునే సీట్లు. చుట్టూ జనం ఎంతో దూరం నుంచి వస్తున్నట్టు దుప్పట్లు ముసుగేసి నోళ్ళు తెరిచి నిద్రపోతున్నారు. బద్వేలు నుంచి వచ్చే బస్సును దారి మధ్యలో మర్రిపాడులో ఆపి ఎక్కినవాళ్ళలా మేమిద్దరమే స్నానం చేసి, తలలు దువ్వుకుని ఉన్నాం. పక్కసీటాయన కళ్ళు నులుముకుంటూ, "భాయ్, మీరు ఏ దేశం నుంచి?" అని అడిగాడు. "ఆత్మకూరు" అన్నారు శెట్టిగారు ఠీవిగా.

కాసేపటికి ఒక విమానం అమ్మాయి పలహారం ట్రేలు పెట్టి, టీ కప్పు శెట్టిగారికి అందించింది. ఎడమచేత్తో. శెట్టిగారు చేతులు వెనక్కి లాక్కున్నారు. "ఎడం చేత్తో ఇస్తాదేందిరా ఈ పిల్ల! ఎల్లుండి నా కొట్టు ముహూర్తం!" ఆ అమ్మాయికి తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది. నవ్వి కప్పు కుడిచేతిలోకి మార్చుకుంది. అలవాటు లేని చేయి కాబట్టి సగం టీ శెట్టిగారి పంచె మీద పడింది. తర్వాత వరస వాళ్ళకు మళ్ళీ ఎడమచేత్తోనే, ఒక్క చుక్క ఒలకకుండా అందించింది. ఎవరూ ఆమెను కొట్టలేదు. నేను నోరు తెరుచుకుని చూస్తుండిపోయాను. "చూసింది చాల్లే, తిను" అన్నారు శెట్టిగారు. ఆయన వేరేగా అనుకున్నారు, పాపం.

అప్పుడు కనబడింది ట్రేలో స్టీలు చెంచా. ఆహా, ఏం చెంచా! పిడి మీద బొటనవేలు ఆనేచోట సన్నటి పల్లం, తల దగ్గర నాజూగ్గా ఒక వంపు. అబ్బా దీన్ని చూడాలి అనిపించింది. ఆ పైన నా చేయి నా మాట వినలేదు, చెంచా జేబులోకి పోయింది. ఒకరి వస్తువు ఊరికే తీసుకుంటే అబ్బా ఊరుకుంటాడా? చెంచాకు చెంచా పెడితే దొంగతనం కాదు, మారుబేరం అని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. అమ్మగా మిగిలిన మంచి చెంచాల సంచి విమానం కడుపులో ఎక్కడో ఉంది. జేబులో ఉన్నది ఒక్కటే. నా వంకర చెంచాను కాగితం గుడ్డతో తుడిచి ట్రేలో పెట్టాను.

మేం బొంబాయిలోనే ఎక్కామని మా బోర్డింగు కార్డుల మీద ముద్ర వేశారు. అది చూపిస్తే మద్రాసులో కస్టమ్స్ వాళ్ళు వదిలేస్తారన్నారు. కానీ నా సంచిలో కొయ్య చెంచాలు గలగలమనేసరికి ఆఫీసరు విప్పమన్నాడు. ఆయన సంచిలో చేయి పెట్టకముందే నేను జేబులోంచి స్టీలు చెంచా తీసి బల్ల మీద పెట్టి, "తప్పయిపోయింది సార్, దొంగతనం చేసినాను" అని ఏడ్చేశాను. శెట్టిగారు రెండడుగులు పక్కకి జరిగి, "నేను ఈ అబ్బాయిని ఎరగను సార్" అన్నారు. ఆఫీసరు పగలబడి నవ్వాడు. "నిన్న ఒకాయన దుప్పటే చుట్టుకొచ్చినాడయ్యా. చెంచాకు ఏడస్తావేంది, పో!"

సర్కారు వదిలేసింది. అబ్బా వదల్లేదు. నేను చెప్పినదంతా విని, స్టీలు చెంచాను బొటనవేలితో తడిమి, "మంచి పనే" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "దీని బదులు ఏది పెట్టినావు?" అన్నాడు. "నాదే, అబ్బా." "నీదంటే... ఆ వంకరదా?" అబ్బా నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "తీసింది ఒక తప్పు, పెట్టింది ఇంకో తప్పు గదరా! ఆ వంకరది దేశదేశాలు తిరగతాదే! ఉదయగిరోళ్ళ పని ఇంతేనని చూసినోళ్ళంతా నవ్వరా?" నా చెంచాలు అమ్మకం బుట్టలో వేస్తానన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నాకూ అడిగే మొహం లేదు. రాత్రిళ్ళు అన్నం ముందు కూర్చుని ఏడుపు దిగమింగుకునేవాణ్ణి.

నడుం నొప్పితోనే అబ్బా మూడు రోజులు కూర్చుని ఒకే ఒక్క చెంచా చెక్కాడు. సరుకు కోసం ఆత్మకూరు నుంచి వచ్చిన శెట్టిగారు ఎంత అరిచినా తల ఎత్తలేదు. ఆ చెంచానూ స్టీలు చెంచానూ గుడ్డలో చుట్టి, మద్రాసులో ఆ విమానం ఆఫీసుకు పార్సిల్ పంపాం. అబ్బా చెప్పగా నా హైస్కూలు ఇంగ్లీషులో ఉత్తరం రాశాను. "అయ్యా, మీ చెంచా మీకు పంపినాము. కొయ్య చెంచా నేను చేసినది, ఉంచుకోండి. ఆ రోజు ట్రేలో పెట్టిన వంకరది మా వాడు చేసినది, దయచేసి వాపసు పంపండి."

రెండు నెలలకు జవాబొచ్చింది. పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని పోస్టుమాస్టరు చదివి అర్థం చెప్పారు. అబ్బా చెంచా అందిందట, చాలా బాగుందట, వాళ్ళ ఆఫీసు దొరగారి బల్ల మీద పెట్టుకున్నారట. వంకరది మాత్రం పంపలేరట. ట్రే తీసిన అమ్మాయి దాన్ని ఉంచుకుందట. ఆమెది ఎడమచేతి వాటం, ఇంతవరకూ ఏ చెంచా తన చేతికి ఇలా కుదరలేదట. ఆమె తమ్ముడికీ అదే వాటమట, అలాంటివే ఇంకో రెండు చేసిస్తారా అని అడుగుతోందట.

అబ్బా నేరుగా ఇంటికొచ్చాడు. ఇంటి బుట్ట ముందుకు లాక్కుని, నా చెంచా ఒకటి తీసి, జీవితంలో మొదటిసారి ఎడమచేత్తో పట్టుకున్నాడు. నీళ్ళు ముంచి మెల్లగా నోటిదాకా తెచ్చాడు. చుక్క ఒలకలేదు. ఇంకోటి తీశాడు. అదీ ఒలకలేదు. బుట్టంతా అయ్యేసరికి ఆయన కళ్ళే ఒలికాయి. "ఇన్నేళ్ళూ నేను తప్పు చేత్తో చూసినాను రా" అన్నాడు. చెంచాలన్నీ రెండు చేతులతో ఎత్తి అమ్మకం బుట్టలో పోశాడు. ఆ పూట నాకు తినడానికి చెంచా మిగల్లేదు.

ఇప్పుడు నా ముందూ రెండు బుట్టలున్నాయి. నేను రెండు చేతులతోనూ నీళ్ళు ముంచి చూస్తాను. ఎప్పుడైనా విమానం ఎక్కితే, ట్రే అందించే చేయి ఏదా అని ఈ వయసులోనూ కళ్ళు పోతాయి. "ఏంది అంతగా చూస్తా ఉండావు?" అని మా ఆవిడ మోచేత్తో పొడుస్తుంది. ఆమె కూడా వేరేగా అనుకుంటుంది, పాపం. ఏమీ లేదని నవ్వి, చొక్కా జేబు తడుముకుంటాను. అందులో నా చెంచా ఉంటుంది, వంకరదే.