ఆర్కిటెక్టు గారి గొడుగు

మా అమలాపురం ఇంటికి ప్లాను గీసిన ఆర్కిటెక్టు గారు ఏ కాలంలోనైనా గొడుగుతోనే వచ్చేవారు. పునాదికి ముగ్గు పోయగానే గొడుగు విప్పి, చుట్టూ రూలు ప్రకారం వదలాల్సిన ఖాళీలో నడిచేవారు. గొడుగు ప్రహరీకి తగిలితే ఖాళీ చాలనట్టే, పని ఆగినట్టే.

మా దగ్గర తగిలింది. గది పెద్దదవుతుందని నాన్నగారు మేస్త్రీతో ముగ్గు కాస్త బయటికి జరిపించారు.

"ఆన్‌లైన్లో ప్లాను పాసైపోయింది కదండీ, ఇంకెవరు చూస్తారండీ?" అన్నారు నాన్నగారు.

"ఆయ్, కంప్యూటరు ప్లానే చూస్తుందండి. కట్టేక పూచీ నాదండి. ముగ్గు లోపలికి జరపండి, లేదంటే ఇంకొకర్ని చూసుకోండి" అని, గొడుగు ముడవకుండా ఆయన అక్కడే నిలబడ్డారు.

నాన్నగారు గొణుక్కుంటూనే జరిపించారు.

మొన్న పక్కింటి పునాదికి ముగ్గు పోస్తున్నారు. వానా లేదు, ఎండా లేదు. నాన్నగారు గొడుగు విప్పుకుని అటు బయల్దేరారు.