మేము గంజి పెట్టిన సముద్రం

మా చిన్నప్పుడు సముద్రాన్ని మా ఇంట్లోనే నేశారు...

నిజమే చెబుతున్నాను. తిరుత్తణి పక్కన మా వీధిలో ఇంటింటికీ ఒక గుంట మగ్గం ఉండేది. ఒకరోజు మద్రాసు నుంచి సినిమా కంపెనీవాళ్ల సెట్టు మేస్త్రీ వచ్చి మా నాయన ముందు చాప మీద కూర్చున్నాడు. యుద్ధనౌకల సినిమా తీస్తున్నారట. బొమ్మ ఓడలు తేలడానికి నీలం గుడ్డ కావాలట.

"ఎంత కావాల సామీ?" అన్నాడు నాయన.

"సముద్రం ఎంతుంటాదో అంత!"

ఇక నెలల తరబడి ఇల్లంతా నీలమే... అమ్మ చేతులు నీలం, చాపలు నీలం, ఆఖరికి సంగటి ముద్ద మీద కూడా నీలం మరక. నేసిన ప్రతి ముక్కకూ నాయన చిక్కటి బియ్యం గంజి పెట్టి ఆరేశాడు. కంపెనీవాళ్లు పెట్టమనలేదు, వద్దనీ అనలేదు. మా ఇళ్లలో గంజి పెట్టకుండా గుడ్డను బయటికి పంపడమంటే తల దువ్వకుండా పెళ్లికూతుర్ని పంపినట్టే. ఆ తరవాత అమ్మ ముక్కలన్నిటినీ పక్కపక్కన చేర్చి కుట్టింది.

షూటింగు మద్రాసు పక్కన పట్టాభిరామ్ అనే ఊళ్లో, ఒక పెద్ద షెడ్డులో. గుడ్డ కింద కూర్చుని వెదురు కర్రలతో ఎత్తి దించితే పైన అలలు లేస్తాయి. పెద్దవాళ్లు కూర్చుంటే వీపులు కనిపిస్తాయని పిల్లల్ని అడిగారు. మా వీధి పిల్లలం ఎనిమిది మందిమి నాయన వెంట రైలెక్కి వెళ్లాం. నాకప్పుడు తొమ్మిదేళ్లు. అందరిలోకీ చిన్నదాన్నని నన్ను సరిగ్గా నడిమధ్యలో కూర్చోబెట్టారు.

మేస్త్రీ వేలు చూపించి మరీ చెప్పాడు. "ఏం జరిగినా తల ఎత్తకూడదు. అరవకూడదు. సముద్రంలో తల లేస్తే షాటు పాయె. తెలిసిందా పాపా?"

"సరే మామా" అన్నాను.

మధ్యాహ్నం దాకా బాగానే గడిచింది. లోపలంతా నీలం వెలుతురు... ఒకరినొకరు కర్రలతో పొడుచుకుంటూ నవ్వుకున్నాం. భోజనాలయ్యాక పైన ఎవరో అన్నారు, సముద్రం పొడిగా ఉంది, మెరుపు లేదు, తడపండి అని. గొట్టాలు పెట్టి నీళ్లు కొట్టారు.

గంజి గుడ్డ తడిస్తే ఏమవుతుందో నేతగాళ్ల పిల్లలకు వేరే చెప్పాలా... బరువెక్కింది. జిగటగా మారింది. తలకు, మెడకు, మూతికి అతుక్కుంది. అంచుల్లో ఉన్న పిల్లలు జారి బయటపడ్డారు. నాకు మాత్రం ఎటు పాకినా గుడ్డే. ఊపిరి పీలిస్తే గాలికి బదులు గుడ్డ నోట్లోకి వచ్చింది. పులిసిన గంజి వాసన...

అరుద్దామంటే అరవకూడదన్నారు కదా. తొమ్మిదేళ్ల పిల్లకు చావు కంటే పెద్దవాళ్ల మాటే పెద్దది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

పైన మైకులో కేకలు. "సూపర్! ఆ అలను వదలొద్దు! కెమెరా ఆపొద్దు!"

ఆ అల నేనే.

కర్ర పారేసి తలతో కుమ్మాను, మోచేతులతో పొడిచాను. మా నాయన నేత చిరుగుతుందా? అప్పుడు వేళ్లకు కుట్టు తగిలింది. పళ్లతో కొరికి దారం తెంపి, ఆ సందులో ముక్కు దూర్చి ఊపిరి పీల్చాను. అంతలోనే, బయటపడ్డ పిల్లల్లో నేను లేనని చూసిన నాయన, తనను పట్టుకున్నవాళ్లను తోసేసి, ఓడల్ని తొక్కుకుంటూ పరుగెత్తుకొచ్చి, ఆ సందు పట్టుకుని చీల్చి నన్ను బయటికి లాగాడు.

మేస్త్రీ నా ముఖం చూడలేదు. తన చేతికి అంటిన జిగురు చూసుకున్నాడు.

"ఎవురయ్యా సముద్రానికి గంజి పెట్టినాడు?"

షెడ్డంతా ఒక్కసారిగా నవ్వింది. నాయన నన్ను భుజాన వేసుకుని, "గంజి పెట్టని గుడ్డ మా గడప దాటదు సామీ" అన్నాడు. ఇంకా గట్టిగా నవ్వారు.

రైల్లో వస్తూ నాయన ఒకే మాట అన్నాడు. "నా గంజే నిన్ను చంపబోయింది. ఇది యాడా చెప్పొద్దమ్మా." ఆయన ఉన్నన్నాళ్లూ నేను నోరు విప్పలేదు. సినిమా విడుదలయ్యాక తిరుత్తణి టెంటు హాల్లో ఆ అల లేచి చీలినప్పుడు జనం ఈలలు వేస్తుంటే... నేను అమ్మ కొంగు పట్టుకుని బయటికి పరుగెత్తాను.

సినిమా పేరు చెప్పను. చెబితే మీరంతా దాని గురించే మాట్లాడతారు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటారా? మొన్న ఫోన్‌లో వచ్చిన వీడియోలో ఒక పెద్దాయన ఆ సినిమా ఎలా తీశారో చెప్పాడు. ఓడల సంగతి చెప్పాడు, కెమెరా సంగతి చెప్పాడు. "నేతగాళ్లు సముద్రానికి గంజి పెట్టారండీ!" అని పడీపడీ నవ్వాడు. కింద ఎంతమంది నవ్వు బొమ్మలు పెట్టారో! గుడ్డ కింద పిల్లలున్నారన్న మాట ఒక్కటి లేదు.

నాకు అక్షరం రాదు. కోడల్ని రాయమంటే, "పాత కత, వదిలెయ్ అత్తా" అంది.

"పాతదయితే దుప్పటి మూతి మీదికొస్తే నేనెందుకే ఇంకా లేచి కూర్చుంటాను? రాయి!" అన్నాను. రాస్తోంది.

ఇదీ నా వాదన. మా నాయన తెలివితక్కువవాడు కాదు. గుడ్డను తడుపుతామని ఆయనకు ముందుగా ఎవరూ చెప్పలేదు. తడపమన్నవాళ్లు కింద ఎవరున్నారని అడగలేదు.

ఇప్పుడు సముద్రాన్ని కంప్యూటర్‌లోనే చేసేస్తున్నారట. మంచిదే... దాని కింద పిల్లలు ఉండరు.

మీలో ఎవరైనా చిన్నప్పుడు ఇలా తెర మీద కనపడకుండా సినిమాకు పని చేసి ఉంటే రాయండి. కోడలి చేత చదివించుకుని వింటాను. ఆ గంజి కథ మళ్లీ ఎక్కడైనా వినబడితే నవ్వండి, నేను వద్దనను... కానీ కింద ఒక పిల్ల ఉందని ముందు చెప్పి, ఆ తరవాత నవ్వండి.