కోపం తగ్గిన లకుముకిపిట్ట

2004వ సంవత్సరం సెప్టెంబరు నెలలో, అజ్మాన్‌లోని మా దుస్తుల కర్మాగారంలో, ఒక అమెరికన్ బేస్‌బాల్ జట్టు కొత్త చొక్కాల నాణ్యతా బాధ్యత నాకు అప్పగించారు. నేనక్కడ నాణ్యతాధికారిగా చేరి అప్పటికి రెండేళ్లు. నాకు పైన కర్మాగారపు మేనేజరు ఒక్కరే. అరబ్బు దేశస్థుడైన ఆయనను అందరమూ అరబ్బీలో మేనేజరు అనే అర్థమొచ్చేలా ముదీర్ అనే వ్యవహరించేవాళ్లం. నా కింద ఎనిమిదిమంది తనిఖీదారులు ఉండేవారు. చొక్కా మీద ఏ చిన్న మార్పు జరిగినా మార్పు చీటీ అనే పత్రం మీద నా సంతకం పడిన తరువాతే యంత్రాలు కదలాలన్నది నియమం.

బేస్‌బాల్ ఆటను నేను ఏనాడూ చూసి ఎరుగను. మా కర్మాగారంలో పనిచేసే మూడువందల మందిలో చూసినవారు ఒక్కరూ లేరు. అయినా ఆ ఆట చొక్కాను గురించి మాకు తెలియని సంగతి లేదు. ముందు నిలువునా గుండీలు, రొమ్ము మీద జట్టు పేరు, వీపున అంకె, ఎడమ చేతి మీద జట్టు చిహ్నం. పేరును దారంతో నింపి కుట్టరు. గట్టి బట్టను అక్షరాల ఆకారంలో కత్తిరించి, అంచుల చుట్టూ దట్టంగా కుట్టి అతికిస్తారు. చేతిమీది చిహ్నాన్ని మాత్రం చొక్కా కూర్చకముందే, చేతి ముక్క పరచిన స్థితిలో ఉండగా, యంత్రం మీద పూర్తిగా దారంతో కుడతారు. ఒకసారి చొక్కా రూపం ధరించిన తరువాత చేతి గొట్టం యంత్రపు ఫ్రేములో కూర్చోదు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను.

ఆ వృత్తిలో ఉన్న ఆరేళ్లలో నేను గమనించినది ఒకటుంది. ఆ జట్లు మూడు నాలుగేళ్లకొకసారి వేషం మారుస్తాయి. అభిమానులు పాత చొక్కా తీసిపెట్టి కొత్తది కొనుక్కోవాలన్నది అందుకు ఒక కారణం. యాజమాన్యాలు మారడం ఇంకొకటి. మార్పులన్నీ కొంతకాలం ఒకే వైపు నడిచాయి. లేతనీలాలు కాటుక నీలాలయ్యాయి. అక్షరాల చుట్టూ వెండి గీతలు చేరాయి. చిహ్నాల మీది జంతువులు, పక్షులు నవ్వడం మానేశాయి. తరువాత 2007, 2008 ప్రాంతాలలో గాలి తిరిగి, తాతల నాటి అక్షరాలు, మీగడ రంగు చొక్కాలు మళ్లీ కావాలన్నారు. నేను చెప్పబోయేది నవ్వు మానేసిన కాలపు ముచ్చట.

మా చేతికొచ్చిన జట్టు చిహ్నం లకుముకిపిట్ట. పాత చొక్కాలో అది భుజాన బ్యాటు వేసుకొని ముక్కు తెరిచి నవ్వుతూ ఉండేది. కొత్త చొక్కాలో ఒళ్లూ లేదు, బ్యాటూ లేదు. తల మాత్రం మిగిలింది. కొలతలు, రంగులు, కుట్టు వివరాలు అన్నీ ఉండే పుస్తకాన్ని టెక్ ప్యాక్ అంటారు. అందులో ఆ పిట్ట కన్ను రెండు మిల్లీమీటర్ల ఎత్తున సన్నని చీలికలా, పైన తెల్లటి ఏటవాలు గీతతో ఉంది. అంటే పిట్టకు కోపం వచ్చిందన్నమాట.

ఈ బొమ్మను యంత్రానికి తెలిసే కుట్ల క్రమంగా మార్చడాన్ని పంచింగ్ అంటారు. ఆ పని మస్తాన్ మాస్టరుది. నెల్లూరివాడు, తండ్రి దగ్గర పెళ్లిచీరల మీద జరీ మగ్గం పని నేర్చి, దుబాయ్ వచ్చాక కంప్యూటరు మీద పంచింగ్‌లో పట్టు సాధించినవాడు. ఆ నెలలోనే అతను భార్యనూ కూతురినీ తీసుకురావడానికి కుటుంబ వీసాకు దరఖాస్తు పెట్టాడు. దానికి జీతపు ధ్రువపత్రం కావాలి. దాని మీద ముదీర్ సంతకమూ కర్మాగారపు ముద్రా పడాలి. ఆ పత్రం ముదీర్ బల్ల మీద ఉంది.

నమూనా చొక్కాలు రెండు కొనుగోలుదారుకు పంపాం. వాళ్లు ఒప్పుకొని సీలు వేసి, ఒకటి తమ దగ్గర ఉంచుకొని రెండోది వెనక్కి పంపారు. దానిని సీల్ శాంపిల్ అంటారు. తరువాత కుట్టే ప్రతి చొక్కాకూ అదే ప్రమాణం. అయితే కొత్త బట్ట అప్పటికి మిల్లు నుంచి రాలేదు గనుక, నమూనాను పాత ఏడాది మందపు బట్ట మీదే కుట్టాం. కొత్త బట్ట వచ్చి చూస్తే, అది సన్నని రంధ్రాలతో సాగే అల్లిక. యంత్రం మీద పెట్టగానే దారం బట్టను లాగేసి, మాటిమాటికీ తెగి, కన్ను చీలిక మూసుకుపోయింది. మస్తాన్ ఒక చేతి ముక్క పట్టుకొని నా గదికి వచ్చాడు.

“శాస్త్రి సార్, ఈ పిట్టని చూడండి. మత్తుమందు పెట్టినట్టుండాది.”

“దీనికి విరుగుడేమిటి మాస్టారూ?” అన్నాను.

“కన్ను కొంచెం పెద్ద చేసి గుండ్రం తిప్పినా. ఇదో, ఇట్టా. దారం తెగడంలా, బట్ట ముడత పడడంలా. ఆ బొమ్మ గీసినోడెవురో పిట్టని చూడకుండా గీసుంటాడు సార్. పిట్టకి కన్నే గదా పానం. మా నాయన మగ్గం మీద హంసకైనా చిలకకైనా కన్ను ఆఖర్న కుట్టేవాడు. అది లచ్చణంగా కుదరకపోతే పమిటంతా దండగ అనేవాడు.”

రెండో ముక్కను చేతిలోకి తీసుకున్నాను. కన్ను చక్కగా ఉంది. కాంతి ఉంది. మా తండ్రిగారు పద్యాలు చెప్పి పెంచినవాణ్ణి. కలువరేకులతోనూ తుమ్మెదలతోనూ కన్నులను పోల్చిన పద్యాలు చిన్ననాడే వందలకొద్దీ నోటికి వచ్చినవాణ్ణి. చూడగానే మనసుకు హాయి తోచింది. మార్పు చీటీ మీద ‘దారం తెగుట నివారణకు స్వల్ప సవరణ’ అని రాసి సంతకం చేశాను. స్కేలు నా సొరుగులోనే ఉంది, తీయలేదు. సీల్ శాంపిల్ ఇనుప బీరువాలో ఉంది, దానినీ తీయలేదు. సరైన పద్ధతి ఏమిటంటే, బట్ట కింద గట్టి కాగితం పొర వేసి మళ్లీ ప్రయత్నించడం, కాదంటే కొనుగోలుదారుకు రాసి అనుమతి అడగడం. ఈ రెండూ నాకు తెలుసు.

తరువాత పద్నాలుగువందల చొక్కాలు తయారయ్యాయి. రోజూ తనిఖీ జరిగింది. మా తనిఖీదారులు ప్రతి చిహ్నాన్నీ నేను సంతకం చేసిన ముక్కతో పోల్చారు. రెండూ ఒకేలా ఉన్నాయి గనుక ఏ ఒక్క చొక్కాకూ లోపం చూపే ఎర్ర చీటీ పడలేదు. ఆ వారాలలో నేను చాలా తృప్తిగా ఉన్నాను.

ఓడకు ఎక్కించడానికి వారం ముందు తుది తనిఖీకి కొనుగోలుదారు తరఫున దుబాయ్ నుంచి థామస్ గారు వచ్చారు. మలయాళీ, పెద్దమనిషి, నవ్వుతూనే సరుకును తిప్పికొట్టగలవారు. ఆయన తన సంచిలోంచి కొనుగోలుదారు ఉంచుకున్న రెండో సీల్ శాంపిల్‌ను తీసి, మా చొక్కా పక్కన పరిచి, రెండింటినీ మార్చి మార్చి చూశారు. తరువాత మస్తాన్ వైపు తిరిగి హిందీలో అన్నారు: “మాస్టర్‌జీ, ఇది కొట్లాటకొచ్చిన పిట్ట కాదు. పెళ్లిచూపులకొచ్చిన పిట్ట.”

చుట్టూ ఉన్నవారు నవ్వారు. మస్తానూ నవ్వాడు. థామస్ గారు స్కేలు తీసి కన్ను కొలిచేదాకా విషయం మాకు అర్థం కాలేదు. రెండుండవలసిన చోట మూడున్నర మిల్లీమీటర్లు. నివేదికలో ‘నిరాకరణ’ అనే గడి మీద ఆయన గుర్తు పెట్టారు. మరమ్మతు చేసి మళ్లీ తనిఖీకి పెట్టే హక్కు నిబంధనల ప్రకారం మాకుంది; గడువు ఏడు రోజులు.

ముదీర్ గది అద్దాల తలుపు ఆ మధ్యాహ్నం చాలాసేపు మూసి ఉంది. మరుసటి జనవరితో అమెరికాకు ఎగుమతుల కోటాలు ఎత్తేస్తున్నారని అందరికీ తెలుసు. కోటా రక్షణ పోతే చవకగా కుట్టే దేశాలకు బేరాలు తరలిపోతాయన్న భయం ప్రతి యజమానికీ ఉండేది. అలాంటి వేళ ఈ కొనుగోలుదారు చేజారడం ఆయన భరించలేని సంగతి. మమ్మల్నిద్దరినీ లోపలికి పిలిచి, మస్తాన్ ధ్రువపత్రాన్ని బల్ల మీదనుంచి తీసి సొరుగులో పడేశారు.

“ఖలాస్. ఈ మాస్టరు ఇంటికి పోతాడు. కఫీల్‌కి నేను చెబుతా” అన్నారు. కఫీల్ అంటే వీసాకు హామీ ఉండే స్థానిక యజమాని. ఆయన మాట అంటే తిరుగు విమానమే.

మార్పు చీటీ నకలు నా చేతిలో ఉంది. దానిని బల్ల మీద పెట్టి, చేసినవాడు మస్తానే గాని చేయమని సంతకం పెట్టినవాణ్ణి నేనని, పంచింగ్ మాస్టరు పని సూచించడం వరకేనని, కొలిచి ఒప్పుకోవడం నా ఉద్యోగమని, కొలవలేదని చెప్పాను. పంపితే నన్ను పంపాలి.

ఆయన ఆ చీటీని రెండుసార్లు చదివారు. “యా ముహందిస్, ఎందుకు కొలవలేదు?” అని అడిగారు. ముహందిస్ అంటే ఇంజనీరు. కోపం వచ్చినప్పుడే నన్నలా పిలిచేవారు.

“నచ్చింది గనుక” అన్నాను.

ఆయన నా ముఖం వంక చూసి, “నచ్చిందట! ఏడు రోజులు. యల్లా!” అని చేయి ఊపి బయటికి పంపారు. సొరుగు మాత్రం తెరవలేదు.

తనిఖీ గదికి తిరిగి వచ్చేసరికి థామస్ గారు ఇంకా ఆ చొక్కా ముందే కూర్చుని ఉన్నారు. ఆయనకు మా మీద కసి లేదు. “విచిత్రం చూడండి” అంటూ బొటనవేలి గోరుతో పిట్ట కన్ను పై సగాన్ని మూశారు. మూయగానే దానికి కోపం వచ్చింది. వేలు తీశారు, శాంతించింది. మళ్లీ మూశారు. మస్తాన్ ముందుకు వంగాడు.

“రెప్ప దించితే సాలు సార్! ఉన్న కుట్టు ఇప్పొద్దు. ఇప్పితే బట్ట జల్లెడైపోద్ది. దాని మీదనే నీలం దారంతో రెప్ప కుట్టేస్తా.”

“చొక్కా కుట్టేశాం కదా. ఫ్రేములో కూర్చోదు” అన్నాను.

“యంత్రమెందుకు సార్? నా చేతులు ఎక్కడికి పోయినాయి?”

అక్కడికక్కడే సూదిలో నీలం దారం ఎక్కించి, చొక్కా చేతిలోకి ఎడమ పిడికిలి దూర్చి, మగ్గం పనిలో చేసినట్టు ఒకదాని పక్కన ఒకటి ఇరికించి కుట్టాడు. నాలుగు నిమిషాలు పట్టింది. థామస్ గారు కొలిచారు. రెండు మిల్లీమీటర్లు. లోపలివైపు తిప్పి చూశారు, ముడి కనబడలేదు. అయితే టెక్ ప్యాక్‌లో చిహ్నమంతా యంత్రపు కుట్టేనని రాసి ఉంది. చేతికుట్టుకు కొనుగోలుదారు అనుమతి కావాలి. ఆయన టీకి వెళ్లగానే మస్తాన్ నన్ను పక్కకు పిలిచాడు.

“చేత్తో కుట్టినామని రాయకండి సార్. వాళ్లు వద్దంటే నా పని అయిపోయినట్టే. రాయకుంటే ఎవురికి తెలస్తాది? థామస్ సారుకే ముడి కనపళ్లా.”

అతని మాటలో అసత్యం లేదు. ఎవరికీ తెలిసేది కాదు. పోయేది ఉంటే అతని ఉద్యోగమూ అతని సంసారమూ. నాది మహా అయితే ఒక చీవాటు. అందుకే ఆ సమాధానం చెప్పడం నాకు కష్టమైంది. మొదటి మార్పును వాళ్లకు చెప్పకపోవడం వల్లనే ఇక్కడికి వచ్చామని, రెండో మార్పు కూడా చెప్పకుండా చేస్తే ఈసారి దానిని పొరపాటు అనడానికి వీలుండదని అన్నాను. అతను సూదిని దారపు ఉండకు గుచ్చి, “మీ ఇష్టం సార్. కన్ను మటుకు బాగా ఫొటో తీయండి” అన్నాడు.

ఫొటోతో, కొలతలతో, చేతికుట్టు అన్న మాటతో సహా ఉత్తరం వెళ్లింది. మరునాటి సాయంత్రానికి జవాబు రెండు పంక్తులలో వచ్చింది. ఈ సరుకు వరకు సమ్మతం. ఇకపై ఏ సరుకుకూ సమ్మతం కాదు.

పద్నాలుగువందల చొక్కాలకు ఒక్క మనిషి చాలడు. దుబాయ్‌లోని బర్ దుబాయ్ పేటలో పెళ్లి దుస్తుల దుకాణంలో జరీ పని చేసే నెల్లూరు, కడప వాళ్లు మస్తాన్‌కు తెలుసు. ముదీర్ ఆ దుకాణదారుతో స్వయంగా మాట్లాడి ఆరుగురిని రప్పించారు. అక్కడ అప్పటి సెలవుదినాలైన గురు, శుక్రవారాలు రెండూ పని సాగింది. శుక్రవారం నమాజుకు ఆపి, ముదీర్ తెప్పించిన బిర్యానీ తిని మళ్లీ కూర్చున్నారు. వాళ్ల కబుర్లు వింటూ నేను స్కేలుతో ఒక్కొక్క కన్నూ కొలుస్తూ పోయాను. “ఏం మస్తాన్ భాయ్, పెళ్లికూతుళ్లకి కాటుక పెట్టే చేతులతో పిట్టలకి కోపం పెట్టిస్తన్నావే!” అన్నాడొకడు. “కోపం లేకపోతే అమెరికావోడు కొనడంట రా” అన్నాడు మస్తాన్. శుక్రవారం సాయంత్రానికి మిగిలినవి ముప్ఫై; వాటిని శనివారం ఉదయం అతనొక్కడే పూర్తి చేశాడు.

థామస్ గారు సోమవారం వచ్చి, పెట్టెలు తెరిపించి, తన పద్ధతి ప్రకారం ఏరి చూసి, ‘ఆమోదం’ గడిలో గుర్తు పెట్టారు. ఆ నివేదిక తీసుకొని ముదీర్ గదికి వెళ్లాను. ఆయన చదివి, ఫైలులో పెట్టి, సొరుగు తెరిచి మస్తాన్ ధ్రువపత్రం మీద సంతకం చేసి, ముద్ర వేసి, నా వైపు తోశారు. నా పేరు మీద మాత్రం ఒక హెచ్చరిక పత్రం రాశారు. అది న్యాయమే. నేను ఉద్యోగం విడిచేనాటికీ నా ఫైలులో ఉంది.

డిసెంబరులో మస్తాన్ సంసారం వచ్చింది. అజ్మాన్‌లోనే రెండు గదుల ఇల్లు తీసుకున్నాడు. అతను పంచింగ్ విభాగంలో, నేను తనిఖీ గదిలో, మరి నాలుగేళ్లు కలిసి పనిచేశాం. ఎన్నో జట్ల రంగులు, అక్షరాలు, పక్షులు మా చేతుల మీదుగా మారాయి.

ఆ సరుకు తరువాత రెండు పద్ధతులు పెట్టుకున్నాను. తనిఖీదారులందరూ సీల్ శాంపిల్‌తోనే పోల్చాలి. దానిని బీరువాలో కాక కుట్టు యంత్రాల వరుస చివర బల్ల మీదే ఉంచాలి. ఇది అందరికీ రాసి అంటించిన నియమం. రెండోది ఎక్కడా రాయలేదు, నాకు మాత్రమే. బాగాలేని పనిని ఎవరైనా కొలుస్తారు. అనుమానమే స్కేలును చేతికి అందిస్తుంది. బాగున్న పని ముందు స్కేలు సొరుగులోనే ఉండిపోతుంది. అందుచేత ఏ వస్తువైనా చూడగానే నాకు నచ్చితే, దానిని రెండుసార్లు కొలిచేవాణ్ణి.